ఒకటి నుంచి ఐదు దాకా: పసివాళ్ల లెక్కింపులో వస్తువు, వేలు, మాట

చిన్నపిల్లలకు లెక్కలు వస్తువులతోనే మొదలుపెట్టాలన్న మాటను ఇప్పుడు కాదనేవాళ్లు దాదాపు లేరు. 2020 జాతీయ విద్యావిధానం ఆ మాటే అంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ ఆ మాటే అంది. డీఎడ్ పుస్తకాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదీ అదే. ఇంత ఏకాభిప్రాయం ఉన్నచోట పరిశోధకులు, టీచర్లు, తల్లిదండ్రులు ఒకరి మాట ఒకరికి ఎక్కనంతగా ఎందుకు వాదించుకుంటున్నారు?

"లెక్కపెట్టడం" అన్న ఒక్క మాట కింద నాలుగు విద్యలు ఇమిడి ఉండటమే ఇందుకు మూలం. సంఖ్యల పేర్లు వరసగా చెప్పడం ఒకటి. మన ఇళ్లలో ఒంట్లు అప్పజెప్పడం అనేది దీన్నే. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరు చొప్పున, దేన్నీ వదలకుండా, దేన్నీ రెండుసార్లు తాకకుండా వేలు కదపడం రెండోది. చివర పలికిన పేరు ఆ గుంపు మొత్తానికీ చెల్లుతుందని తెలియడం మూడోది. పలక మీద 3 అనే అంకె చూడగానే అన్ని వస్తువులు మనసుకు రావడం నాలుగోది. ఒక్కో బృందం వీటిలో ఒకదాన్ని పట్టుకుని, లెక్కింపు అంతా అదే అన్నట్టు మాట్లాడింది. ఒక పద్ధతి "పనిచేసింది" అన్నప్పుడు నాలుగింటిలో దేనికి పనిచేసిందో అడగకపోతే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

పది లోపు సంఖ్యలు, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, వాళ్ల చేతికి మనం అందించే వస్తువులు: ఈ సమీక్ష ఇంతవరకే.

వస్తువు బడిలోకి వచ్చిన దారి

సూత్రాలు బట్టీ పట్టించే ఐరోపా బడుల్లో, కంటితో చూసి చేత్తో తాకిన వస్తువుల నుంచే సంఖ్య పుట్టాలని గట్టిగా వాదించిన తొలి తరం వాడు స్విట్జర్లాండ్‌కు చెందిన పెస్టలాట్సీ. ఆయన బడిలో కొన్నాళ్లు గడిపిన ఫ్రోబెల్, 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల కోసం ఒక సంస్థ తెరిచాడు. దానికే 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన "కానుకలు" అని పిలిచిన ఆటవస్తువుల్లో మూడోది, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక చెక్క ఘనం. ఫ్రోబెల్ దృష్టి ఎనిమిది అన్న లెక్క మీద కన్నా, విడిపోయి మళ్లీ ఒక్కటయ్యే మొత్తం మీద ఉంది. తర్వాతివాళ్లు ఆ తత్వాన్ని పక్కనపెట్టి ఘనాలను మాత్రం తీసుకున్నారు.

లెక్కింపును దగ్గరగా పట్టుకున్నది మరియా మాంటిస్సోరి. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో ఆమె బాలగృహం మొదలైంది. ఆమె పిల్లలకు మొదట విడి గింజలు ఇవ్వలేదు. పది కర్రలు ఇచ్చింది. మొదటిది పది సెంటీమీటర్లు, పదోది మీటరు. ఒక్కో పది సెంటీమీటర్లకూ ఎరుపు, నీలం రంగులు మారుతూ ఉంటాయి. మూడో కర్ర చేతికి తీసుకున్న పిల్లకు మూడు విడి వస్తువులు కాదు, మూడు అనే ఒకే వస్తువు దొరుకుతుంది. వేలితో పట్టీలు తాకుతూ ఒకటి, రెండు, మూడు అని ఆగితే, ఆగిన చోటే కర్ర కూడా అయిపోతుంది. మొత్తానికీ చివరి మాటకూ ఉన్న సంబంధం చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాత కదురుల పెట్టె వస్తుంది. 0 నుంచి 9 దాకా రాసిన పది గదులు, సరిగ్గా 45 కదురులు. సున్నా గదిలో ఏమీ వెయ్యకూడదు. ఒకటిలో ఒకటి, రెండులో రెండు వేసుకుంటూ పోతే తొమ్మిదో గదికి సరిగ్గా తొమ్మిది మిగలాలి. ఎనిమిదే మిగిలాయంటే ఎక్కడో ఒకటి ఎక్కువ పడింది. ఆ సంగతి టీచరు చెప్పనక్కర్లేదు, పెట్టె చెబుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు లెక్కల బోధనలో అరుదు. అయితే దాని బలహీనతా అక్కడే ఉంది. ముప్పై మంది పిల్లల మధ్య ఒక్క కదురు బల్ల కిందికి దొర్లినా ఆ రోజు పెట్టె తప్పుడు పాఠం చెబుతుంది.

మన దేశంలో ఈ ఆలోచనలను గుజరాతీలో బతికించినవాడు గిజూభాయి బధేకా. 1920లో భావనగర్‌లో బాలమందిర్ నడిపాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, ఖరీదైన సామగ్రి పల్లెకు పనికిరాదని గుర్తించి చుట్టుపక్కల దొరికే వస్తువులతో బాలవాడీలు నడిపింది. అంగన్‌వాడీ ఆలోచనకు రూపమిచ్చిన వాళ్లలో ఆమెది పెద్ద పేరు. మాంటిస్సోరి స్వయంగా 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది.

పియాజే గీసిన గీత

1941లో జాన్ పియాజే, అలీనా షెమిన్‌స్కా కలిసి పిల్లల సంఖ్యా భావన మీద ఒక పుస్తకం వేశారు. అందులో అందరికీ తెలిసిన ప్రయోగం ఇది. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, పిల్లవాడు రెండూ సమానమే అన్నాక, ఒక వరసను కాస్త దూరందూరంగా జరుపుతారు. ఇప్పుడు దేనిలో ఎక్కువున్నాయి అని అడిగితే ఐదేళ్ల వాడు చాలాసార్లు పొడుగు వరసను చూపిస్తాడు. నోటితో పది దాకా చెప్పగలిగినా సంఖ్య అంటే ఏమిటో వాడికింకా తెలియలేదని పియాజే తేల్చాడు. వర్గాలుగా విడదీయడం, పొడుగు పొట్టి వరసలో పెట్టడం, జతపరచడం వంటి పనులతో మనసు సిద్ధమయ్యాకే సంఖ్య అన్నది ఆయన వాదన.

దీని ప్రభావం మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. "సంఖ్యా పూర్వ భావనలు" అన్న పేరుతో పెద్ద–చిన్న, లోపల–బయట, దూరం–దగ్గర వంటివి పూర్తయ్యాకే అంకె కనిపించే వరస అలా స్థిరపడింది.

ఈ గీత మీద మొదటి గట్టి దెబ్బ 1974లో పడింది. స్కాట్లాండ్‌లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అదే ప్రయోగాన్ని చిన్న మార్పుతో చేశారు. వరసను పెద్దవాళ్లు కాకుండా అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. సమానమేనన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దవాళ్లు కావాలని జరిపి, ఒకసారి అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగితే జవాబు మార్చమంటున్నారని పిల్లలు అనుకోవడం సహజమే కదా. 1978లో రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ ఇంకా ముందుకు వెళ్లారు. మూడేళ్ల పిల్లలు కూడా లెక్కింపులోని నియమాలను లోపల్లోపల పాటిస్తారని వాదించారు. వస్తువుకొక పేరు, పేర్ల వరస మారకపోవడం, చివరి పేరే మొత్తం, ఏ వస్తువులనైనా లెక్కించవచ్చు, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు: ఇవీ ఆ ఐదు నియమాలు. పేర్లు లోకం వాడేవే కానక్కర్లేదు, వరస నిలకడగా ఉంటే చాలన్నది అందులో ముఖ్యమైన మాట. మన కళ్లాల్లో ధాన్యం కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని "లాభం" అని, తర్వాతి దాన్ని రెండు అని అంటారు. పేరు మారింది, లెక్క తప్పలేదు. గెల్‌మన్ చెప్పింది ఇదే.

డగ్లస్ క్లెమెంట్స్ 1984లో నాలుగేళ్ల పిల్లల్లో ఒక గుంపుకు వర్గీకరణ, వరసలో పెట్టడం నేర్పి, ఇంకో గుంపుకు నేరుగా లెక్కింపు నేర్పి చూశాడు. లెక్కింపు నేర్చిన గుంపు సంఖ్యల్లో ముందుంది, వర్గీకరణలోనూ వెనకబడలేదు. గింజలను రంగుల వారీగా ఏరడం మంచి ఆటే, అది అలాగే ఉండాలి. అది పూర్తయ్యేదాకా లెక్కింపు ఆపి ఉంచాలనడానికి మాత్రం ఆధారం మిగల్లేదని నా అభిప్రాయం.

"మూడు ఇవ్వు"

గెల్‌మన్ వాదన పిల్లల పక్షాన నిలబడింది, కానీ మరీ ఎక్కువ చెప్పింది. ఆ సంగతి 1990లో కారెన్ విన్ చేసిన చాలా సాదా పరీక్షతో బయటపడింది. పిల్లల ముందు ఒక కుప్ప పోసి, "ఒకటి ఇవ్వు", "రెండు ఇవ్వు", "మూడు ఇవ్వు" అని అడగడమే ఆ పరీక్ష.

మూడేళ్ల పిల్ల ముందు చింతగింజల కుప్ప ఉందనుకుందాం. ఒకటి అడిగితే ఒకటే ఇస్తుంది. రెండు అడిగితే రెండే ఇస్తుంది. మూడు అడిగితే గుప్పెడు తీసి చేతిలో పెడుతుంది. "ఇవి మూడేనా? లెక్కపెట్టి చూడు" అంటే ఒక్కొక్కటి తాకుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు అని తప్పు లేకుండా లెక్కపెడుతుంది. "మరి మూడేనా?" అంటే అవునంటుంది. ఇంకో పిల్ల "మొత్తం ఎన్ని?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. వాళ్లకు వరస వచ్చు, వేలు కదపడం వచ్చు. చివరి మాట మొత్తానికి చెల్లుతుందన్న సంగతి మాత్రం ఇంకా అందలేదు.

విన్, తర్వాత సూసన్ కేరీ బృందం చూపించింది ఏమిటంటే, ఈ అర్థం ఒక్కసారిగా రాదు. ముందు ఒకటి తెలుస్తుంది. కొన్ని నెలలకు రెండు. మరికొన్ని నెలలకు మూడు. మూడు, నాలుగు దాటాక ఎక్కడో పిల్లకు గుట్టు అందుతుంది. అప్పటినుంచి ఐదైనా, ఏడైనా, తొమ్మిదైనా లెక్కపెట్టి ఇవ్వగలుగుతుంది. ఈ ప్రయాణానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ చివరి మలుపు ఎలా వస్తుందన్నది పెద్ద వివాదం. మూడు దాకా చూపుతో పట్టుకున్న గుంపులకూ, నోటికి వచ్చిన వరసకూ ఉన్న పోలికను పిల్ల తానే కనిపెడుతుందని కేరీ అంటుంది. నియమం మొదటి నుంచీ లోపల ఉంది, చేతల్లో చూపడమే ఆలస్యమవుతోందని గెల్‌మన్ పక్షం అంటుంది.

ఈ వాదం ఎటు తేలినా తరగతి గదికి ఒక సంగతి మిగులుతుంది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. నాలుగేళ్ల పిల్లలు పది మంది ఒకే చాప మీద కూర్చున్నా, సంఖ్య విషయంలో ఒకే మెట్టు మీద ఉండరు. రెండు దాకా తెలిసిన పిల్లకు ఆ వారం కావలసింది మూడు. ఆ పిల్ల చేత ఇరవై పూసలు లెక్కపెట్టిస్తే నోరు అలసిపోవడమే తప్ప మూడు దగ్గరపడదు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి పిల్లకు రెండు నిమిషాలు, ఒక కుప్ప గింజలు చాలు.

మూడు లోపు గుంపులను లెక్కపెట్టకుండానే ఒక్క చూపులో పట్టే శక్తి పెద్దలకూ పిల్లలకూ ఉంది. కొబ్బరిచిప్ప కింద రెండు గింజలో మూడు గింజలో పెట్టి, క్షణం ఎత్తి చూపించి మూసేసి, ఎన్ని అని అడిగే ఆట దాన్ని వాడుకుంటుంది. తర్వాత చిప్ప తీసి లెక్కపెట్టి సరిచూసుకుంటే, చూపు పట్టిన మొత్తమూ నోరు పలికిన వరసా ఒకేచోట కలుస్తాయి. క్లెమెంట్స్, జూలీ సరామా వంటివాళ్లు ఈ చూపు విద్యను లెక్కింపుతో సమానంగా నిలబెట్టాలంటారు.

మాట లేకుండా చెయ్యి ఎంతదూరం

వస్తువుల పక్షం వాళ్లు ఎక్కువగా పట్టించుకోని ఆధారం ఒకటి లెక్కల తరగతికి బయట నుంచి వచ్చింది. 2004లో అమెజాన్ ప్రాంతపు పిరహా, ముండురుకు జాతుల మీద వచ్చిన అధ్యయనాలు, పెద్ద సంఖ్యలకు కచ్చితమైన పేర్లు లేని భాషల్లో పెద్దవాళ్లకు కూడా మూడు నాలుగు దాటాక కచ్చితమైన సరిపోలిక కష్టమని చూపించాయి. 2011లో నికరాగువా బధిరుల మీద వచ్చిన అధ్యయనం ఇంకా సూటిది. వాళ్లు ఏ సంకేత భాషా నేర్చుకునే అవకాశం లేక ఇంట్లోనే సొంత సైగలు కల్పించుకున్నవాళ్లు. డబ్బు వాడే సమాజంలో బతుకుతున్నారు. వేళ్లు చూపించి ఎన్నో చెబుతారు. అయినా మూడు దాటితే ఆ వేళ్లు చాలాసార్లు ఒకటి అటూ ఇటూ అవుతాయి. చేతిలో వస్తువులున్నాయి, వేళ్లున్నాయి, అవసరమూ ఉంది. లేనిది వరసగా పలికే సంఖ్యల పేర్లు.

అందుకే కృత్యం జరుగుతున్నప్పుడు పెద్దవాళ్లు ఏం మాట్లాడుతున్నారన్నది వస్తువంత ముఖ్యం. సూసన్ లెవీన్ బృందం పిల్లలకు 14 నుంచి 30 నెలల వయసులో ఇళ్లలో జరిగిన మాటలను రికార్డు చేసింది. సంఖ్యల మాట ఎక్కువ వినిపించిన ఇళ్ల పిల్లలు 46 నెలలకు సంఖ్యల అర్థంలో ముందున్నారు. తర్వాతి విశ్లేషణలో, ఎదురుగా కనిపిస్తున్న వస్తువులను లెక్కపెట్టి చెప్పిన మాటలే, అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉన్న గుంపుల గురించిన మాటలే ఎక్కువ పనిచేసినట్టు తేలింది.

ఏ వరసలో చెప్పాలన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు. కెల్లీ మిక్స్ బృందం 2012లో, ముందు మొత్తం పేరు చెప్పి వెంటనే లెక్కపెట్టి చూపిస్తేనే పిల్లలు ముందుకు కదిలారని చెప్పింది. "ఇవి మూడు మామిడికాయలు. ఒకటి, రెండు, మూడు." ఉత్త లెక్కింపుకు గానీ, ఉత్త పేరుకు గానీ ఆ ఫలితం రాలేదు. 2018లో పాలివాల్, బరూడీ ముందు లెక్కపెట్టి, చివరి మాటను ఒత్తి పలికి, అదే మొత్తమని చెప్పడం మేలన్నారు. ముందో వెనకో, మొత్తం పేరు నోటితో పలకాలన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. మన తరగతుల్లో టీచరు "లెక్కపెట్టు" అంటుంది, పిల్ల లెక్కపెడుతుంది, టీచరు "వెరీ గుడ్" అంటుంది. "మొత్తం ఐదు గింజలు" అన్న మాట ఎవరి నోటా రాదు. ఖర్చు లేని ఆ ఒక్క వాక్యం కోసం ఏ కిట్టూ పంపాల్సిన పని లేదు.

బొమ్మ బొమ్మగా ఉన్నంతసేపూ

వస్తువుల మీద అనుమానం లెక్కల టీచర్ల లోపలి నుంచే పుట్టింది. 1992లో డెబొరా బాల్, వస్తువులు చేతిలో పెడితే గణితం వేళ్ల గుండా తలకెక్కుతుందన్న నమ్మకాన్ని సూటిగా ప్రశ్నించింది. ఆ కర్రలో, ఆ దిమ్మెలో సంఖ్యను చూస్తున్నది దాన్ని ముందే నేర్చుకున్న పెద్దవాళ్లు.

జూడీ డెలోష్ పరిశోధన దీనికి బలమిచ్చింది. గది చిన్న నమూనాలో ఒక బొమ్మను దాచి, నిజం గదిలో అదే చోట వెతకమంటే మూడేళ్ల పిల్లలు వెతకగలిగారు. ముందుగా ఆ నమూనాతో కాసేపు ఆడుకోనిచ్చినప్పుడు మాత్రం వెతకడంలో తడబడ్డారు. ఆడుకున్న వస్తువు ఆటవస్తువుగానే మిగిలిపోయింది, మరొకదానికి గుర్తుగా మారలేదు. 2013లో పీటర్సన్, మెక్‌నీల్ లెక్కింపులోనే దీన్ని పరీక్షించారు. ఆకర్షణీయంగా ఉండి, పైగా పిల్లలకు ముందే బాగా తెలిసిన బొమ్మలతో లెక్క తడబడింది. ఆకర్షణీయంగా ఉన్నా కొత్తవైతే అంత ఇబ్బంది పెట్టలేదు. అదే ఏడు కార్బోన్నో బృందం 55 అధ్యయనాలను కలిపి చూసింది. మొత్తం మీద ఫలితం వస్తువులకు అనుకూలంగానే వచ్చింది, కానీ పిల్లల వయసు, వస్తువు తీరు, టీచరు దారి చూపించిన తీరును బట్టి బాగా మారింది.

మనకు ఇందులో మంచి కబురుంది. ప్లాస్టిక్ ఏనుగులు, రంగురంగుల పళ్ల కన్నా చింతగింజలు, సీసా మూతలు, కొబ్బరీనె పుల్లలు లెక్కకు మెరుగు. వాటితో ఆడుకునే కథ ఏదీ ముందే లేదు కాబట్టి లెక్కకే దొరుకుతాయి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి మాత్రం గింజలు ఇవ్వకూడదు. ముక్కులో, చెవిలో, గొంతులో ఇరుక్కునే ప్రమాదం చిన్నది కాదు. వాళ్లకు పెద్ద మూతలు, చెక్క దిమ్మెలే సరి.

వేళ్లు

వేళ్ల విషయంలో బడి, ప్రయోగశాల చాలాకాలం ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. వేలు మడిచే పిల్లను మందమతి అనుకునే అలవాటు ఇంకా పోలేదు. బ్రయాన్ బటర్‌వర్త్ వంటి మెదడు పరిశోధకులు దీనికి ఎదురు చెప్పారు. వేళ్ల స్పృహకూ సంఖ్యకూ మెదడులో దగ్గరి సంబంధం ఉందని, వేళ్లను కట్టేస్తే లెక్కే కుంటుపడుతుందని వాళ్ల వాదన. ఇటీవల లౌసాన్ విశ్వవిద్యాలయపు కేథరిన్ తెవెనో బృందం, వేళ్లు వాడని ఐదారేళ్ల పిల్లలకు వేళ్లతో కూడటం నేర్పింది. వాళ్ల సరైన జవాబులు దాదాపు రెట్టింపయ్యాయి. వేళ్లు బలహీనతకు గుర్తు అన్న పాత నమ్మకం ఈ దెబ్బతో కోలుకోలేదనే అనుకుంటాను.

ఇక్కడ మనదైన చిక్కు ఒకటుంది. ఇంట్లో పెద్దలు బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు తాకుతూ లెక్కపెడతారు. వేలికి మూడు చొప్పున నాలుగు వేళ్లకు పన్నెండు. జపానికి, పద్దులకు అది గొప్ప సాధనం. కానీ కణుపు మీద ఆగిన బొటనవేలిని చూసి ఎన్నయ్యాయో నాలుగేళ్ల పిల్లకు తెలియదు. చాచిన మూడు వేళ్లు మూడుగా కనిపిస్తాయి, నిండు చెయ్యి ఐదుగా కనిపిస్తుంది. మొదలు చాచిన వేళ్లతో పెట్టి, కణుపులను తర్వాతికి ఉంచడం మేలు.

గడుల మీద నడక

నాలుగో విద్య, అంటే అంకెను మొత్తంతో ముడివెయ్యడం, ఆటల పరిశోధనలో బాగా తేటపడింది. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో అమెరికాలోని పేద కుటుంబాల పిల్లల చేత ఒకటి నుంచి పది దాకా ఒకే వరసలో గడులున్న పటం మీద ఆడించారు. రెండు వారాల్లో పదిహేనేసి నిమిషాలు నాలుగుసార్లు. సంఖ్యల పెద్దాచిన్నా తెలియడం, అంకెల గుర్తింపు మెరుగుపడ్డాయి. అంకెల బదులు రంగులున్న పటంతో ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. పటం గుండ్రంగా ఉన్నా అంత పనిచెయ్యలేదు. లాస్కీ, సీగ్లర్ 2014లో ఇంకో మెలిక చూపించారు. ఐదో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని కదిపితే నేర్చుకునేది తక్కువ. "ఆరు, ఏడు" అని కదిపితేనే పటంలోని అంకెలు మనసుకెక్కుతాయి.

వైకుంఠపాళి ఇళ్లలో ఉన్నదే. కానీ అందులో దారి మలుపులు తిరుగుతుంది, పాములు వెనక్కి లాగుతాయి, గడులు వందకు తగ్గవు. నాలుగేళ్ల పిల్లకు సుద్దముక్కతో నేల మీద గీసిన పది గడుల తిన్నని వరస దానికన్నా నయం. వామనగుంటలు వేరే విద్యకు పనికొస్తాయి. పద్నాలుగు గుంటల్లో ఒక్కో గింజ రాల్చుకుంటూ పోవడం ఒకదానికొకటి జత కుదర్చడమే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో ఒక్క చూపులో చెప్పాలి. అది చూపు విద్య. మూడు ఆటలు, మూడు వేర్వేరు పనులు. "సంప్రదాయ ఆటలు లెక్కలు నేర్పుతాయి" అని గంపగుత్తగా అనేస్తే ఈ తేడా పోతుంది.

ఆటల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు తప్పక ఎదుర్కోవలసిన ఫలితం ఢిల్లీ నుంచి వచ్చింది. 2017లో ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ప్రథమ్ సంస్థ నడిపే 214 బాలబడుల్లో, 1,540 మంది పిల్లలతో నాలుగు నెలలు సంఖ్యల, ఆకారాల ఆటలు ఆడించారు. పిల్లల సహజ సంఖ్యాశక్తి పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. బడిలో నేర్పే అంకెల లెక్కల్లో మాత్రం ఆ లాభం నిలవలేదు.

మన బడుల్లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కృత్యాధార బోధన 1980ల్లో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకంతో పెద్ద ఎత్తున వచ్చింది. దానికన్నా లోతుగా వేరూనింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన కార్డుల పద్ధతి. ప్రతి పిల్లా తన వేగంతో నిచ్చెన మెట్లు ఎక్కినట్టు కార్డులు దాటుతూ వెళుతుంది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడులతో మొదలుపెట్టి దీన్ని తనదిగా మలచుకుంది. మన దగ్గర స్నేహబాల కార్డులుగా ప్రభుత్వ బడుల్లోకి వచ్చింది. విన్ పరీక్ష చెప్పిన పాఠానికి, అంటే ఒక్కో పిల్ల ఒక్కో మెట్టు మీద ఉంటుందన్న దానికి, మన నేల మీద పుట్టిన అతి దగ్గరి జవాబు ఇదే. దాన్ని ఆ కోణంలో మనం చదువుకోలేదు.

2021 జులై 5న మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలని 2026–27ను గడువుగా పెట్టుకుంది. తెలంగాణ 2022 ఆగస్టు 15న తొలిమెట్టు అనే తన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. లక్ష్యాలు మంచివి. కొలత దగ్గరే జాగ్రత్త కావాలి. అసర్ వంటి సర్వేల్లో లెక్కల మొదటి మెట్టు 1 నుంచి 9 దాకా అంకెల గుర్తింపు. ఊరూరా వేగంగా కొలవడానికి అది సరైన ఎంపికే. కానీ కొలిచేది నాలుగో విద్యను. బడి దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే మూడోది, అంటే మొత్తం అర్థం కావడం, ఎవరూ చూడని చోట ఉండిపోతుంది. ఎల్‌కేజీలోనే నోటు పుస్తకంలో 1 నుంచి 100 దాకా రాయించే ప్రైవేటు బడులది అదే తప్పు, ఇంకా పెద్ద అక్షరాల్లో. మూడు గింజలు ఇవ్వలేని చెయ్యి 87 రాస్తుంటుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

మాంటిస్సోరి పక్షం మొత్తాన్ని చేతికి అందిస్తుంది, తప్పును వస్తువే చెప్పేలా చేస్తుంది. మాటను తగ్గిస్తుంది, సామగ్రి కచ్చితంగా ఉండాలంటుంది. పియాజే పక్షం పిల్ల ఆలోచనను గౌరవించమంటూనే సంఖ్యను ఆలస్యం చేసింది. గెల్‌మన్ పక్షం ఆ ఆలస్యాన్ని తొలగించింది, పిల్లకు ముందే తెలుసన్న చోట కాస్త తొందరపడింది. విన్, కేరీలది మెట్లు చూపించే పక్షం. ఎవరికి ఏ సంఖ్య నేర్పాలో వాళ్లంత స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు, ఎలా నేర్పాలో మాత్రం తక్కువ చెప్పారు. ఆ లోటును మాట మీద పనిచేసినవాళ్లు తీర్చారు. వస్తువును అనుమానించినవాళ్లు ఎలాంటి వస్తువో అడగమన్నారు. ఆటల పరిశోధకులు అంకె కంటి ముందు ఉంటే తప్ప ఆట అంకెను నేర్పదన్నారు. బయటికి వైరిపక్షాల్లా కనిపిస్తారు గానీ, పైన చెప్పిన నాలుగు విద్యలను దగ్గర పెట్టుకుని చదివితే చాలాచోట్ల ఒకరు వదిలినదాన్ని ఇంకొకరు అందుకున్నారు.

తేలనివి

వస్తువును ఎప్పుడు తీసెయ్యాలన్నది మొదటిది. ముందు అనుభవం, తర్వాత మాట, తర్వాత బొమ్మ, చివర అంకె అన్న నాలుగంచెల వరసను 2022 చట్రం సిఫారసు చేస్తోంది. ఒక అంచె నుంచి ఇంకో అంచెకు ఎన్ని వారాల్లో వెళ్లాలి, అంకెను మొదటి రోజు నుంచే గింజల పక్కన పెడితే ఢిల్లీలో జారిపోయిన లాభం నిలిచేదా అన్నవి ఇంకా వివాదంలోనే ఉన్నాయి. పెట్టి చూడాలన్న వైపే నేను మొగ్గుతాను. సీగ్లర్, రమణిల పటంలో అంకెలు మొదటి నిమిషం నుంచీ కళ్ల ముందే ఉన్నాయి.

చిన్న సంఖ్యల మీద నిలవాలా, కాస్త పెద్దవి వినిపించాలా అన్నది రెండోది. మెట్ల పరిశోధన పిల్ల ఉన్న మెట్టుకు పైదే నేర్పమంటుంది. లెవీన్ బృందం ఫలితం నాలుగు నుంచి పది దాకా ఉన్న గుంపుల గురించి మాట్లాడమంటుంది. చేత్తో చేయించేది మూడు, ఇంట్లో వినిపించేది ఏడు అని రెండింటినీ పొసగించవచ్చేమో, పరీక్షించి చూడదగ్గ ఊహ ఇది.

మూడోది మన భాషకు సంబంధించింది. స్లొవేనియన్‌లో, అరబిక్‌లో రెండింటికి ప్రత్యేకమైన ద్వివచనం ఉంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఆ భాషల పిల్లలు "రెండు" అర్థాన్ని ఇంగ్లిష్ పిల్లల కన్నా ముందుగా పట్టుకుంటారని చెప్పింది. తెలుగు పిల్లలది వేరే పరిస్థితి. గింజలైతే రెండు, మూడు. పిల్లలైతే ఇద్దరు, ముగ్గురు. ఒకే మొత్తానికి రెండు పేర్లు వినడం వాళ్లను ఆలస్యం చేస్తుందా, లేక గింజల్లోనూ మనుషుల్లోనూ ఉన్నది ఒకే సంఖ్య అని త్వరగా తోచేలా చేస్తుందా? దీన్ని తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక అంగన్‌వాడీలో ఒక పక్క మూతల కుప్ప, ఇంకో పక్క అట్టముక్కలతో చేసిన మనుషుల బొమ్మలు పెట్టి, ఒకే పిల్లను వేర్వేరు రోజుల్లో "మూడు ఇవ్వు" అనీ, "ముగ్గురిని ఇవ్వు" అనీ అడిగి, చేతికి వచ్చినవి రాసుకుంటే చాలు. మూడు నెలలకోసారి అదే పిల్లలను మళ్లీ అడిగితే, ఏ పేరు ముందు అర్థమవుతుందో ఏడాదిలో కనిపిస్తుంది.